కాలువ చాలదు, బోదె కావలెను
(నిడదవోలులో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



విజ్జేశ్వరమువద్ద గోదావరిని విడిచిన కాలువ మన నిడదవోలు మీదుగా సాగుచున్నది. అది ఎంత నిండుగా పారినను, బోదె తవ్వుకొనని చేనికి నీరందదు. చదువు సంగతియు ఇట్టిదే. కళాశాలలో నేర్చినది జీవనోపాధికి అందవలెనన్న నడుమ పని అనుభవమను బోదె యుండవలెను.

ఈ యవసరమును గుర్తించియే మన రాష్ట్రమున 2020-21 విద్యాసంవత్సరమున డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసినారు. మొదటి సంవత్సరము ముగిసిన పిమ్మట రెండు నెలలు సమాజసేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరము పిమ్మట రెండు నెలలు పనిచోట శిక్షణ, ఆపైన ఒక సెమిస్టరు పూర్తిగా శిక్షణ; ఇదీ ఆనాటి ఏర్పాటు. రాజమహేంద్రవరమున 2006లో వెలసిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము వంటి సంస్థల విద్యార్థులు ఇట్టి అవకాశమును సద్వినియోగము చేసికొనవలెను.

ఒక మాట దాపరికము లేక చెప్పెదను. పనికి పోకయే సర్టిఫికెట్టు సంపాదింపవచ్చునని తలచువారు లేకపోలేదు. “కాగితముంటే చాలదా?” అని తల్లిదండ్రులే అనుట నేను విన్నాను. ఆ కాగితము మార్కులు తేవచ్చును. కాని ఇంటర్వ్యూలో “ఆ రెండు నెలలు ఏమి చేసితివి?” అని యడిగినచో, బదులు చెప్పునది కాగితము కాదు, మీరే.

గ్రామములో ఇల్లిల్లు తిరిగి వివరములు సేకరించిన విద్యార్థికి క్రొత్తవారితో మాటలాడుట, అంకెలు క్రోడీకరించుట, నివేదిక వ్రాయుట అలవడును. వాణిజ్యశాస్త్రము చదువువాడు రైసుమిల్లులో నెలరోజులు నిలువ పుస్తకము, జి.ఎస్.టి. బిల్లులు చూచినచో పాఠము కండ్లకు కట్టును. ఏ పని తనకు తగును, ఏది తగదు అనునదియు అప్పుడే తెలియును. నేర్చిన దానిని ఏ రోజున కా రోజు నోటుపుస్తకమున వ్రాసికొనుడు.

1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద శిక్షణ పొందువారికి స్టైపెండు లభించును. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీసులో ఉద్యోగార్థులు రుసుము లేకుండ పేరు నమోదు చేసికొనవచ్చును. ఉద్యోగమిప్పింతునని సొమ్మడుగు దళారిని నమ్మకుడు.

తల్లిదండ్రులారా! “ఉద్యోగమెప్పుడు?” అని మాత్రమే గాక, “ఈనాడేమి నేర్చితివి?” అనియు అడుగుడు. కుమారునివలెనే కుమార్తెను గూడ పొరుగూరి శిక్షణకు పంపుడు. మిల్లుల, దుకాణముల యజమానులారా! మీయొద్దకు వచ్చిన విద్యార్థిచేత టీలు తెప్పింపక లెక్కలు చూపుడు.

కాలువ మన ఊరివరకు వచ్చినది. బోదె తవ్వుకొనుట మన చేతిలోని పని.