అరచేతి వ్యసనము - జనుల పలుకుబడి



కురిక్యాల చెంత బొమ్మలమ్మ గుట్టపై పదవ శతాబ్దమున జినవల్లభుడు తెలుగు కందపద్యములను శిలపై చెక్కించిన ఈ కరీంనగరు సీమలో, భాషను గూర్చి పలుకువారు ఆ ప్రాచీనవైభవమునే కీర్తించుట పరిపాటియై యున్నది. నేను మాత్రము నేడు, నిన్నమొన్న పుట్టి ఇంకను పండితుల గడప తొక్కని కొన్ని మాటలను గూర్చి విన్నవింపదలచితిని. అవి అరచేత నిమిడి మనస్సును చెఱపట్టు సెల్లుఫోను చుట్టును అల్లుకొన్న మాటలు.

ఆంగ్లభాషీయులు ఈ వ్యసనమునకు పేర్లు పెట్టుటలో ముందే చొరవ చూపిరి. బ్లాక్‌బెర్రీ ఫోనును క్షణమైనను విడువలేని వారిని చూచి, దానికి క్రాక్ అను మత్తుపదార్థము పేరు తగిలించి 'క్రాక్‌బెర్రీ' అనిరి. 2006లో వెబ్‌స్టర్స్ న్యూ వరల్డ్ నిఘంటువువారు దానినే ఆ యేటి పదముగా నెన్నుకొనిరి. ఎదుటనున్న మనిషిని ఉపేక్షించి ఫోను చూచుటకు 2012లో ఆస్ట్రేలియాలో 'ఫబ్బింగ్' అను పదమును బుద్ధిపూర్వకముగా కల్పించిరి.

మన జనులు ఇట్టి కల్పనకు పూనుకొనలేదు. 2016 సెప్టెంబరులో జియో అను మొబైలు సేవ వచ్చి ఇంటర్నెట్టు చౌకయైన పిదప, గోదావరిఖని కార్మికుల కాలనీలు మొదలు ఉట్నూరు పల్లెల వరకు ఫోను వ్యాపింపగా, వారు తమ నోట నాడుచున్న పాత క్రియలనే దానికి అన్వయించిరి. 'పోరడు సెల్లుకు మరిగిండు' అని తల్లి వాపోవును. మరుగుట యనగా రుచి తెలిసి విడువజాలకుండుట. తాగుడునకు మరిగినవానిని గూర్చి తరతరములుగా పలికిన క్రియయే యిది. రోగనిర్ణయమును, తల్లి దుఃఖమును ఒక్క క్రియలో నిమిడ్చిన ఈ పలుకు ముందు 'క్రాక్‌బెర్రీ' చమత్కారము నాకు వెలవెలబోవుచున్నట్లు తోచును. 'ఎప్పుడు జూసినా నొక్కుడే' అను మందలింపును, 'దిమాక్ హ్యాంగ్ అయింది' అను నిట్టూర్పును ఇట్టివే. ఈ రెండవదానిలో నిజాము కాలపు ఉర్దూయు, యంత్రముతో వచ్చిన ఆంగ్లమును తెలుగు క్రియ నాశ్రయించి నిలిచినవి.

మన పూర్వులు సప్తవ్యసనములలో జూదమును చేర్చిరి. ఆ జూదమే రమ్మీ రూపమున ఫోనులోనికి ప్రవేశింపగా, 2017లో తెలంగాణ ప్రభుత్వము చట్టమును సవరించి ఆన్‌లైను జూదమును నిషేధింపవలసి వచ్చినది. 2020 జూనులో టిక్‌టాక్ అను వీడియోల యాప్, సెప్టెంబరులో పబ్జీ అను ఆట దేశమున నిషిద్ధములైనవి. అప్పటివరకు 'టిక్‌టాక్ పిచ్చి' యన్న నోళ్లే తదుపరి 'రీల్స్ పిచ్చి' యనసాగినవి. పిచ్చి నిలిచినది, దాని విశేషణము మాఱినది. నేడు వ్రాసికొననిచో ఈ విశేషణములు పదేండ్లకు ఎవ్వరికిని జ్ఞప్తికి రావు.

ఈ యంత్రమును దూషించుట నా యభిమతము కాదు. జగిత్యాల ప్రాంతమున లంబాడిపల్లె గంగవ్వ గారి పలుకును 'మై విలేజ్ షో' అను యూట్యూబు చానెలు ద్వారా దేశదేశములకు వినిపించినదియు నిదియే. నా యాక్షేపణ మన ఔదాసీన్యమును గూర్చి. పత్రికలు 'చరవాణి' యను చక్కని మాటను ప్రచారము చేసినవి గాని, దానికి బానిసయైనవాని బాధను చెప్పు పలుకు కొఱకు మనము జనుల కడకు పోలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశము 1962లో సేద్యగాండ్ర మాటలతో ఆరంభమైనది. నలిమెల భాస్కర్ గారు తెలంగాణ పదకోశమును కూర్చిరి. ఆ దారిలోనే మన కళాశాలల విద్యార్థులు తమ యిండ్లలో, హాస్టళ్లలో, సంతలలో వినబడు ఈ పలుకులను, ఆదిలాబాదు గోండి కొలామీ భాషలలోని వానితో సహా, ఊరును, సంవత్సరమును, పలికిన సందర్భమును గుర్తించి సేకరింపవలెనని ప్రతిపాదించుచున్నాను. ఈ ప్రతిపాదనను నేటి సాయంకాలపు తీర్మానములలో చేర్పవలసినదిగా సభవారిని ప్రార్థించుచున్నాను.