కదలికలు కుంటుపడే అరుదైన నరాల జబ్బులు: ఇంటివారు తెలుసుకోవలసినది

(రోగుల కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకునేది నెమ్మదిగా ముదురుతూ మనిషి నడకను, మాటను, మింగే శక్తిని తగ్గించే కొన్ని నరాల జబ్బులను గూర్చి. బీపీ, షుగరు లాగా ఇవి వీధికి పదిమందికి వచ్చేవి కావు. అందుకే ఇంటివారికి వీటి పేరు కూడా సరిగా తెలియదు. ‘వయసైపోయింది, అంతే’ అని కొందరు వదిలేస్తారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు కొందరు. ‘మేము ఏ పాపం చేశామో సిస్టర్’ అని అడిగినవారు నాకు లెక్కలేనంత మంది. పుట్టుగుడ్డివాడిని చూపి శిష్యులు యేసుప్రభువును అడిగినది కూడా ఈ ప్రశ్నే. అతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదు అని ఆయన చెప్పారు. మీరూ ఆ ప్రశ్నను అక్కడే వదిలిపెట్టండి.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఈ జబ్బుల్లో చాలావాటిని నయం చేసే మందు ఇంకా రాలేదు. అయితే ఈ రోగుల ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా రెండు: కిందపడి దెబ్బ తగలడం, అన్నం నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడం. ఈ రెండూ జరిగేది మీ ఇంట్లోనే. కనుక వాటిని తగ్గించే పని కూడా చాలావరకు మీ చేతిలోనే ఉంది.

పేర్లు ఒకసారి చూద్దాం. పార్కిన్సన్స్ మీరు విన్నారు. దానిలాగే కనబడి, దానికంటే త్వరగా ముదిరే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఒకటి పీఎస్పీ. టొరంటోలో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీ అనే ముగ్గురు డాక్టర్లు 1964లో దీన్ని వివరించారు. దీనిలో మనిషి మొదటి ఏడాదిలోనే తరచుగా వెనక్కి పడతాడు. కళ్లు కిందికి తిప్పలేడు. రెండవది ఎంఎస్ఏ. లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, మూత్రం అదుపు తప్పుతుంది. మూడవది అటాక్సియా, అంటే తాగినవాడిలా నడక తూలడం, మాట ముద్దగా రావడం. నాలుగవది హంటింగ్టన్స్. చేతులు, కాళ్లు తమంతట తామే ఆడుతుంటాయి, కోపం ఎక్కువవుతుంది.

మొదట పార్కిన్సన్స్ అని చెప్పి, ఏడాది తర్వాత పీఎస్పీ అంటే ‘డాక్టరు మాట మార్చాడు’ అని మీకు కోపం వస్తుంది. ఈ జబ్బులు మొదట్లో ఒకేలా ఉంటాయి. సిండోపా వంటి లీవోడోపా మాత్రకు రోగి ఎలా స్పందిస్తాడో, కళ్లు ఎలా మారతాయో కొంతకాలం చూస్తేనే తేడా తెలుస్తుంది. ఆసుపత్రులు మార్చి అన్ని పరీక్షలూ మొదటినుంచి చేయించడం కంటే, పాత చీటీలన్నీ ఒక సంచిలో పెట్టుకొని ఒకే నరాల డాక్టరుకు చూపించడం మేలు. తిరుపతిలో స్విమ్స్ 1993 నుంచి ఉంది. చిత్తూరు వైపువారికి వెల్లూరు సీఎంసీ దగ్గర. అక్కడ డాక్టర్ జేకబ్ చాందీ 1949లోనే నరాల విభాగం ప్రారంభించారు. మదనపల్లె, కుప్పం వైపువారు బెంగుళూరు నిమ్హాన్స్‌కు పోతారు. ఏదైనా మంచిదే, ఒకదాన్ని పట్టుకొని ఉండండి.

ఈ లక్షణాలే ఉండి, బాగుచేయగలిగినవి రెండున్నాయి. వాటిని తప్పక గుర్తుంచుకోండి.

ఒకటి మందుల వలన వచ్చేది. ముసలాయన తూలుతుంటే ‘తల తిరుగుడు’ అనుకొని మందుల షాపులో సిన్నారిజిన్, ఫ్లూనారిజిన్ మాత్రలు తెచ్చి నెలల తరబడి వేస్తారు. వాంతికి వాడే మెటోక్లోప్రమైడ్, మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ కూడా అంతే. ఇవి మామూలు మనిషికి కూడా పార్కిన్సన్స్ లాంటి బిగుసుదనం తేగలవు. జబ్బు ఉన్నవారికైతే ఇంకా చెడుపు చేస్తాయి. డాక్టరు చూసి మాన్పిస్తే చాలామంది కొన్ని నెలల్లో తేరుకుంటారు. మీరుగా ఏదీ మానవద్దు, మీరుగా ఏదీ మొదలుపెట్టవద్దు.

రెండవది విల్సన్స్ వ్యాధి. శరీరంలో రాగి లోహం బయటకు పోక కాలేయంలో, మెదడులో పేరుకుపోతుంది. ఇది ఎక్కువగా పిల్లలకు, పడుచువారికి వస్తుంది. చదువుకునే పిల్లవాడికి చేతిరాత పాడవడం, మాట నత్తి పోవడం, చొంగ కారడం, చేయి వణకడం, అంతకుముందెప్పుడో కామెర్లు వచ్చి ఉండడం కనబడితే ఆలస్యం చేయకండి. కంటి నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం ఉందేమో కంటి డాక్టరు చూస్తారు. రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి పరీక్షిస్తారు. పెన్సిలమిన్, జింక్ వంటి మందులు జీవితాంతం వాడితే చాలామంది మామూలుగా బతుకుతారు. బాగయిందని మానేస్తే ప్రాణానికే ముప్పు. రాగి చెంబులో నీళ్లు ఆరోగ్యమని ఇప్పుడు అందరూ తాగుతున్నారు గదా, ఈ పిల్లలకు అది కూడదు. ఇలా చెబితే ఒక తల్లి బిడ్డకు సంగటి మాన్పించింది! రాగి అంటే లోహమమ్మా, రాగులు కాదు.

విల్సన్స్ ఉన్న బిడ్డ తోబుట్టువులకు, చూడడానికి బాగున్నా సరే, పరీక్ష చేయించాలి. తల్లిదండ్రులిద్దరి నుంచి లోపం వచ్చినప్పుడే ఈ జబ్బు వస్తుంది. ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మన వైపు మేనమామకు పిల్లనిచ్చే అలవాటు ఉంది కనుక ఇలాంటి జబ్బులకు అవకాశం పెరుగుతుంది. హంటింగ్టన్స్ వేరు. తల్లికో తండ్రికో ఒక్కరికి ఉన్నా బిడ్డకు సగం అవకాశం. పెండ్లి సంబంధం చెడుతుందని దాచిపెట్టడం నేను చూస్తూనే ఉన్నాను. జన్యుపరీక్షకు ముందు జన్యు సలహా తీసుకోండి. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాదు సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఉన్నాయి.

ఇక ఇంటి పని. మొదట పడిపోవడం.

పీఎస్పీ ఉన్నవారు కిందికి చూడలేరు. గడప కనబడదు, మెట్టు కనబడదు. కంచంలో అన్నం కూడా కనబడదు. సగం కంచమే తిని లేస్తే ‘ఆకలి లేదు’ అనుకోకండి. కంచాన్ని ఎత్తుగా పీట మీద పెట్టి చూడండి. నులకమంచం వద్దు, దానిలోంచి లేవడం మంచివాళ్లకే కష్టం. చేతులున్న ఎత్తు కుర్చీ, గట్టి మంచం కావాలి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ బిగించండి. పంచె, చీర కాళ్లకు అడ్డం పడకుండా ఎత్తి కట్టండి. నడిచేటప్పుడు మాట్లాడించకండి. ఎంఎస్ఏ ఉన్నవారిని మంచం అంచున రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి ఆ తర్వాతే లేపండి.

‘లేవద్దంటే వినడు సిస్టర్, మొండితనం’ అంటారు. పీఎస్పీలో అపాయాన్ని అంచనా వేసే శక్తి కూడా తగ్గుతుంది, అందుకే ఎగిరినట్టు లేస్తారు. కసిరితే లాభం లేదు. ఎందుకు లేస్తున్నారో చూడండి, చాలాసార్లు మూత్రానికే. రెండు గంటలకొకసారి మీరే అడిగి తీసుకుపోండి. మంచం పక్కన గంటో, గిన్నె గరిటో పెట్టండి.

పడి తుంటి నొప్పి అంటే కదిలించకుండా ముందు ఎక్స్‌రే తీయించండి. మన పుత్తూరు కట్టు మీద జనానికి ఎంత నమ్మకమో నాకు తెలుసు, దాన్ని నేను తీసిపారేయడం లేదు. కాని తుంటి విరిగి ఈ రోగి వారాల తరబడి పడుకుంటే పుండ్లు పడతాయి, న్యుమోనియా వస్తుంది. తుంటికి మాత్రం ఎముకల డాక్టరు దగ్గరికే పోవాలి.

ఇప్పుడు తిండి. మిగతాదంతా మరచిపోయినా ఇది మరవకండి.

మనం చెంబెత్తి, తల వెనక్కి వాల్చి నీళ్లు గొంతులో పోసుకుంటాం. ఈ రోగికి అది చాలా అపాయం. తల వెనక్కి వాలితే శ్వాసనాళం తెరుచుకొని నీళ్లు అటు పోతాయి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, చెంచాతోనో వెడల్పు మూతి గ్లాసుతోనో గుక్క గుక్కగా ఇవ్వండి. ఎంగిలి పట్టింపు ఇక్కడ వద్దు, ఆ గ్లాసు వారికే ప్రత్యేకంగా పెట్టండి.

జబ్బు మనిషికి తేలికని చారన్నం పెడతాం. మింగలేనివారికి అన్నిటికంటే కష్టమైనది అదే: పలుచని నీరు ముందు జారిపోతుంది, మెతుకు వెనక నిలిచిపోతుంది. సంగటి ముద్దను నమలకుండా మింగే అలవాటు మనది, అదీ గొంతుకు అడ్డం పడుతుంది. బొరుగులు, చెనక్కాయలు, మురుకులు వద్దు. చిక్కని రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, గట్టిపప్పులో మెదిపిన ఇడ్లీ, పండిన అరటిపండు గుజ్జు మంచివి. ఒక ముద్ద మింగారని చూసుకున్నాకే రెండవది. తినేటప్పుడు టీవీ ఆపండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయండి. నోటిలోని క్రిములే ఊపిరితిత్తుల్లోకి జారుతాయి.

నీళ్లు తాగాక దగ్గు, గొంతు గరగరమనడం, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనబడితే చెప్పండి. కొందరికి దగ్గు కూడా రాదు, జ్వరమే మొదటి గుర్తు. ముద్ద అడ్డం పడి ఊపిరి ఆడకపోతే నీళ్లు పోయకండి. ముందుకు వంచి రెండు భుజాల నడుమ అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకొని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. రెండూ మార్చి మార్చి చేస్తూ 108కి ఫోన్ చేయించండి.

ఒక దశలో గొట్టం మాట వస్తుంది. ముక్కులోంచి వేసేదైనా, పొట్టలోకి నేరుగా వేసేదైనా ఆకలి తీరుతుంది, మందులు పోతాయి. కాని లాలాజలం ఊపిరితిత్తుల్లోకి పోవడం దానితో ఆగదు, కనుక న్యుమోనియా పూర్తిగా తప్పదు. వేయించాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు. నేను చెప్పేది ఒకటే: మీ నాయనకు మాట ఉండగానే ఆయన్ను అడగండి. మాట పోయాక అన్నదమ్ములు వార్డు వరండాలో పోట్లాడుకుంటారు, ఆయన కళ్లు తెరుచుకొని వింటూ ఉంటాడు. ముఖంలో కదలిక లేదని లోపల మనిషి లేడనుకోవద్దు. ఊరికే ఏడ్చినా, ఊరికే నవ్వినా అది కూడా జబ్బే.

డబ్బు సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో పార్కిన్సన్స్, దీర్ఘకాలిక నరాల జబ్బులు ఉన్నాయి. సచివాలయంలో అడిగి సదరం శిబిరానికి పేరు నమోదు చేయించండి. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉంటే సర్టిఫికెట్టు పనికివస్తుంది. మన రాష్ట్రంలో 2024 జూలైలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000కు పెంచారు.

చివరగా కొడుకులతో ఒక మాట. ఈ సేవంతా ఎక్కువగా కోడలి మీదో, పెండ్లాం మీదో పడుతుంది. ఆమె రాత్రి నాలుగుసార్లు లేస్తుంది, మరల తెల్లవారి పొయ్యి వెలిగిస్తుంది. ఆమె నడుము విరిగితే రోగిని చూసేదెవరు? వారానికి రెండు రాత్రులు మీరు లేవండి. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, నడుము పట్టుకొని లేపడం మీరూ నేర్చుకోండి. చేయి పట్టి గుంజితే భుజం జారుతుంది.

ఇప్పుడు రోగులను వెంట తెచ్చినవారు కాసేపు ఆగండి. కూర్చోబెట్టి తినిపించే పద్ధతి ఒక్కొక్కరికీ చూపిస్తాము. మళ్లీ వచ్చేటప్పుడు ఇంట్లో వాడే మాత్రలన్నీ, షాపులో కొన్నవి కూడా, అట్టలతో సహా తీసుకురండి.