ఆపరేషన్ అయిందిగా, ఇంకెందుకు?



ఈవేళ నేను చెప్పబోయే మాట విని మీ అత్తగారు రేడియో కట్టేయమనవచ్చు. గొంతు తగ్గించండి, కట్టేయకండి.

జనగామ జిల్లాలో కొడకండ్ల ఉంది. 2016 దాకా వరంగల్లు జిల్లాలోది. నేతవారి ఊరు. మగ్గం కడుపు నింపక ఆ ప్రాంతపు నేతవారెందరో సూరత్, భివండి, షోలాపూరు వలసపోయారు. కొందరు ఆలుబిడ్డలతో పోయారు, కొందరు ఒంటరిగా. ఒంటరిగా పోయినవాడు బతుకమ్మకో, పెళ్ళికో ఇంటికి వస్తాడు. వలసపోయిన ప్రతివాడూ దారి తప్పుతాడని నేననడం లేదు, అలా అనడం పాపం. కాని ఇంటి దగ్గరున్న ఆమె సంగతి చూడండి. ఇరవై అయిదు నిండకుండానే ఇద్దరు పిల్లలు, ఆపైన ఆపరేషన్. ఆశా కార్యకర్త కండోమ్ మాట ఎత్తితే, "నాకు ఆపరేషనైంది గదక్కా, ఇంకెందుకు?" అంటుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది గాని సుఖవ్యాధిని, హెచ్.ఐ.వి.ని ఆపదు. మాత్రలూ, కాపర్-టీ కూడా అంతే. రెండు పనులూ చేసేది కండోమ్. (స్త్రీలు ధరించేదీ ఉంది గాని, దొరకడం అరుదు.) 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి అరవైమందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారే. కండోమ్ వాడేవారు బహు కొద్దిమంది.

1968లో ప్రభుత్వం నిరోధ్‌ను తెచ్చినప్పుడు ఒక్కొక్కటి అయిదు పైసలు. టీపొడి, సబ్బులు చేరవేసే కంపెనీలే దాన్నీ ఊళ్ళకు చేర్చాయి. కిరాణాకొట్లో పప్పూ ఉప్పూ పక్కనే అమ్మారు! పిల్లల మధ్య ఎడం కోసమని మగవాళ్ళకు చెప్పారు. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. బయటపడ్డాక లారీ డ్రైవర్లకూ, సెక్స్ వర్కర్లకూ చెప్పారు. మంచిదే. కాని దానితో అది "అలాంటివాళ్ళ వస్తువు" అయి కూర్చుంది. మందుల షాపువాడు ఇప్పటికీ పాత పేపరులో చుట్టి ఇస్తాడు. ఇల్లాలికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె అడిగితే, "నా మీద అనుమానమా?" అంటాడాయన. ఇంకా కోపిష్టి అయితే ఆమెనే అనుమానిస్తాడు.

మరి ఎలా అడగాలి? నాకు తోచినది చెబుతాను. గర్భిణిగా ఉన్నప్పుడు ఆస్పత్రిలో ఆమెకు హెచ్.ఐ.వి. పరీక్ష చేసే ఉంటారు. "నాకు అప్పుడు చూశారు, మీకూ ఒకసారి చూపిద్దాం, అందాకా ఇది వాడదాం" అనవచ్చు. అందులో నింద లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్ష ఉచితం, ఫలితం గుట్టుగా ఉంచుతారు. తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి ఉంటే ఇద్దరూ మందు వాడాలో లేదో డాక్టరునే అడగండి. ఒక్కరికే మందు పడితే జబ్బు మళ్ళీ తిరిగిరావచ్చు. ఏ బాధా లేకపోయినా లోపల జబ్బు ఉండవచ్చు, ముఖ్యంగా ఆడవాళ్ళలో. చెయ్యి చేసుకునే మనిషితో మాత్రం ఒంటరిగా ఈ మాట ఎత్తకండి. నర్సమ్మనో, డాక్టరునో చెప్పమనండి.

ఇది పల్లె సంగతి, మాకెందుకనుకోకండి. క్యాంపులకు తిరిగే భర్తలు పట్నంలోనూ ఉన్నారు. పెళ్ళి కుదిరిన కూతురికి పట్టుచీర ఎంచడానికి నాలుగు రోజులు తిరుగుతాం, ఈ మాట చెప్పడానికి నాలుగు నిమిషాలు దొరకవు.

మరొక్క మాట. కొబ్బరినూనె, వాజిలైన్ తగిలితే ఆ రబ్బరు చిట్లుతుంది. పొట్లం మీది గడువు తేదీ చూడండి. ఒకసారి వాడింది మళ్ళీ వాడరాదు. మొహమాటమైతే 1097కు ఫోను చేయండి, పేరు చెప్పనక్కరలేదు, డబ్బు పడదు.

సెలవు.