మెప్పుతో ఇల్లు గడవదు



మన పిల్లల్లో బెంగళూరులో యానిమేషన్ చేసేవారున్నారు, చెన్నైలో సినిమా ఎడిటింగ్ చేసేవారున్నారు, పుణెలో ప్రకటనలు డిజైన్ చేసేవారున్నారు. చేతిలో విద్య ఉంటే ఎక్కడైనా బతకవచ్చని మనమే చెప్పి పంపాం. ఆర్థిక మాంద్యం వస్తే ఆ మాట ఎందుకు నిలబడటం లేదో ఈ రోజు ఆలోచిద్దాం.

వ్యాపారం తగ్గితే చాలా కంపెనీలు ముందుగా కోత పెట్టేది ప్రకటనల ఖర్చుకే. ఆ దెబ్బ డిజైనరుకు, ఫొటోగ్రాఫరుకు, ఎడిటరుకు తగులుతుంది. వీరిలో చాలామంది నెల జీతగాళ్లు కారు, పనికింత అని నోటిమాటగా ఒప్పుకుని చేసేవారు. వీరికి తొలగింపు నోటీసు రాదు. ఫోన్ రావడం ఆగిపోతుంది, అంతే.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగిపోయాయి. తెలుగు సినిమా కార్మికులకు చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ సరుకులు పంచింది. మంచి పనే. కానీ వారి నైపుణ్యం ఒక్కరోజులో తగ్గలేదు కదా! ఆదుకునే చేయి కోసం ఎదురుచూడటం వేరు, భద్రత వేరు.

1930ల మహా మాంద్యంలో అమెరికా ప్రభుత్వం ఉపాధి పనుల్లో రోడ్లు వేసేవారితో పాటు చిత్రకారులను, సంగీతకారులను, నటులను, రచయితలను కూడా చేర్చుకుని జీతమిచ్చింది. అది 1935 నాటి మాట. బొమ్మ గీయడమూ పనే అని ఒప్పుకోవడం అందులో అసలు సంగతి.

మన దగ్గరా దారులు లేకపోలేదు. సినిమా కార్మికులకు రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981లోనే పార్లమెంటు చట్టం చేసింది. సొంతంగా పనిచేసే డిజైనరు ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు కావచ్చు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, అలా నమోదైనవారికి బిల్లు చెల్లించే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగవచ్చు. అందుకే పని మొదలుపెట్టక ముందే నమోదు కావాలి. ఎంత పని, ఎంత డబ్బు, ఎన్ని మార్పులు, ఎప్పటికి చెల్లింపు, కనీసం ఈ నాలుగూ ఈమెయిల్‌లోనైనా రాయించుకోవాలి. ఒంటరిగా అడిగితే వచ్చే పని పోతుందని భయం ఉంటుంది. అందుకే ఒకే రంగంలో ఉన్నవారు కలిసి మాట్లాడుకోవాలి, తక్కువ ధరకు ఒకరి పని ఒకరు లాక్కోకూడదు.

ఇక మన ఇంటి మాట. క్రిస్మస్ పోస్టరు, కన్వెన్షన్ బ్యానరు, పాటల వీడియో ఎవరితో చేయిస్తున్నాం? “దేవుని పని కదా బాబూ” అని రాత్రంతా కూర్చోబెట్టి, ఉదయం ప్రార్థనతో పంపేస్తాం. టెంటు వేసినవారికి, మైకు పెట్టినవారికి మాత్రం డబ్బు లెక్కపెట్టి ఇస్తాం. మేమూ అలా చేసినవాళ్లమే. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న బిడ్డను కూడా అలాగే అడిగాం. ఇష్టంతో చేసే సేవను కాదనం. కానీ అది ఇచ్చేవారి నిర్ణయం కావాలి, అడిగేవారి హక్కు కాకూడదు.

ప్రత్యక్ష గుడారం పని కోసం దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచాడని మనం పిల్లలకు బోధిస్తాం. ఈసారి సంఘ బడ్జెట్ వేసేటప్పుడు డిజైనరుకు కూడా ఒక వరుస రాద్దాం. బయటి కంపెనీలను న్యాయం అడగబోయే ముందు మనం బాకీపడ్డ బిల్లు కట్టేద్దాం.