సూర్యదీపము - మరమ్మతు



సౌరవిద్యుత్తును గూర్చి మాట్లాడవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు జంకినాను. నేను చదివినది చరిత్ర. ఇంట్లో ఫ్యూజు పోతే మిస్త్రీకి కబురు పంపేవాడను. అయినా, ఆదివాసులకు ఈ విద్య అందిన వృత్తాంతమొకటి విన్నవిస్తాను.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో, అటకామా ఎడారికి ఎగువనున్న ఆండీస్ కొండలలో, సుమారు 3,300 మీటర్ల ఎత్తున కాస్పానా అనే ఆదివాసి గ్రామమున్నది. జనరేటరు సాయంకాలం కొద్దిసేపు నడిచినంతవరకే అక్కడ వెలుగు. 2012లో ఆ ఊరి స్త్రీలిద్దరు మన రాజస్థానంలోని తిలోనియాకు వచ్చినారు. 1972లో బంకర్ రాయ్ స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాల అక్కడిదే. పల్లె స్త్రీలకు, చదువురాని అమ్మమ్మలకు సైతం, ఆరునెలలలో సౌరదీపాలు కూర్చుట, బాగుచేయుట అక్కడ నేర్పుతూ వచ్చినారు. విదేశీయుల శిక్షణకు మన ప్రభుత్వపు ఐటెక్ పథకం తోడ్పడినది.

భాష మాటేమంటారా? సర్క్యూటు భాగాలకు రంగులే గుర్తులు, తక్కినదంతా చేసైగ. ఢిల్లీకి వచ్చిన కొత్తలో కూరగాయల బండివద్ద మన ఇంటి ఆడవారు నెట్టుకొని వచ్చినదీ ఇట్లే గదా!

పగలు పలక బాటరీని నింపుతుంది. అది మితిమీరి నిండకుండా, పూర్తిగా వట్టిపోకుండా మధ్యనున్న నియంత్రణ పెట్టె కాపాడుతుంది. ఆ పెట్టె విప్పగలవారు ఊరిలోనే ఉండవలె. ఆ ఇద్దరూ తిరిగి వెళ్ళినపుడు, ఆడవారు ఏమి చేయగలరని ఊరు శంకించినది. తరువాత నూరు ఇండ్లకు పైగా వారే దీపాలు అమర్చినారు.

అమ్మమ్మలనే ఎందుకు ఎన్నుకొనుట? పనినేర్చిన కుర్రవాడు పట్టణం చేరతాడు. అమ్మమ్మ ఊరు విడువదు. శిక్షణకు పోవలసినవారిని ఊరివారే నిర్ణయించుట, ఇంటింటా నెలకింత చెల్లించుట తిలోనియా పద్ధతి.

కొన్నేండ్ల క్రిందట నేనొక కార్యాలయంలో ఉండగా, తూర్పు కనుమలలోని ఒక గూడెంలో సూర్యదీపాలు పెట్టించి, "పని పూర్తి" అని ఫైలు మూసినాము. తరువాత పర్యటనకు పోయి చూతును గదా, బాటరీలు చచ్చి ఉన్నవి. ఒక పలకను దించి దానిమీద మిరపకాయలు ఎండబెట్టినారు. "బాబూ, ఇది మీ వస్తువే గదా, పట్టుకుపోతారా?" అని ఒక ముసలమ్మ అడిగినది.

తిరిగి వచ్చి ఫైలు తెప్పించి చూచినాను. నివేదికలో పదకొండు గళ్ళున్నవి. "మరమ్మతు చేయువారు" అనే గడి లేదు. ఆ నమూనా తయారుచేసినది నేనే.