పులికాట్ ఎండిన వేళ

ఎడారి చూడాలంటే రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు. మే నెలలో చెన్నైలో రైలెక్కి, ఉత్తరంగా వచ్చి సూళ్లూరుపేటలో దిగండి చాలు. అక్కణ్ణుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సును అడ్డంగా దాటుతుంది. చలికాలంలో రెండు పక్కలా నీళ్లు, ఫ్లెమింగోల గుంపులు. వేసవికి ఈ ఉత్తర భాగం చాలామటుకు ఎండిపోతుంది. అసలే లోతు తక్కువ. పైనుంచి కాళంగి నది నీళ్లు రావడం ఆగిందా, ఉన్నవి ఆవిరై, నేల బీటలిచ్చి ఉప్పు తేలుతుంది. నన్నడిగితే పక్షులున్నప్పటికంటే అప్పుడే ఆ చోటు అసలు రూపం తెలుస్తుంది.

రోడ్డు చివర శ్రీహరికోట, సరస్సుకూ సముద్రానికీ నడుమ ఇసుక దీవి. ఇస్రో రాకెట్లను ప్రయోగించే కేంద్రం ఇక్కడే. తూర్పున అంతా సముద్రమే కాబట్టి రాకెట్ భాగాలు రాలినా జనానికి ముప్పుండదు. తూర్పుకు వదిలితే భూభ్రమణ వేగమూ కలిసొస్తుంది. ఇక్కణ్ణుంచి తొలి ప్రయోగం 1971 అక్టోబరు 9న, ఓ రోహిణి రాకెట్‌తో జరిగింది. కేంద్రంలోకి అనుమతి లేనిదే పోనివ్వరు. ప్రయోగం చూడాలంటే 2019లో తెరిచిన గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి ఉంది. ప్రయోగానికి ముందు ఇస్రో అధికారులు అమ్మవారి దర్శనానికి రావడం ఆనవాయితీ. ఎండల్లో వెళ్లేవారు నీళ్ల సీసా మరవకండి. సరస్సు దారిలో నీడ దొరకదు.