పిత్తాశయ శస్త్రచికిత్స – పిమ్మట రావలసిన కాగితము
(వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



వసతిగృహమును గూర్చియు, విద్యార్థివేతనములను గూర్చియు పెద్దలు సెలవిచ్చిరి. మేము కడుపులోని యొక చిన్న సంచిని గూర్చి విన్నవింపవలసియున్నది. అఫ్జల్‌గంజిలో నీ మాట యెత్తుటకు సంకోచ మక్కరలేదు. క్లోరోఫారమును శోధించిన సంఘములు 1888, 1889 సంవత్సరములలో పనిచేసినది యీ నగరముననే. ఇచ్చటి పాత ఆసుపత్రి 1908 మూసీవరదకు గూలగా, పిమ్మట ఉస్మానియా ఆసుపత్రి యీ యొడ్డుననే వెలసినది. నొప్పి తెలియకుండ కోయుట మన పేటకు క్రొత్తవిద్య గాదు.

పిత్తాశయమును మొట్టమొదట కోసి తీసినవాడు బెర్లినునందలి లాంగెన్‌బుఖ్ అను వైద్యుడు, 1882లో. నేడు దుర్భిణిపద్ధతిచే చిన్నచిన్న రంధ్రములనుండి తీసి, ఒకటి రెండు దినములలో నింటికి బంపుచున్నారు. రాళ్లు పోయినవి, నొప్పి పోయినదని యింటిల్లిపాదియు సంతోషింతురు. కాని తీసిన సంచి కథ యింకను మిగిలియున్నది. దానిని పరీక్షాశాలకు బంపి, పలుచని పొరలుగా గోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినితో జూడవలయును. అట్లు చూచినపుడు నూటికి 1కి లోపునుండి 3 వరకు, ఎవ్వరును శంకింపని రాచపుండు బయటపడుచున్నది.

ముందే స్కానింగులో నేల కనబడలేదని బంధువులు వైద్యునిపై మండిపడుదురు. చిరకాలపు వాపుచే మందమైన గోడయు, పుండుచే మందమైన గోడయు స్కానింగులో నొక్కతీరుననే యుండవచ్చును. ఈ వ్యాధి స్త్రీలకు హెచ్చు. గంగాతీరమున హెచ్చు, మనవైపు తక్కువ. తక్కువ యన్నంతమాత్రమున లేదని కాదు.

పుండు లోపలిపొరయందే నిలిచిన యెడల, జరిగిన చికిత్సయే సాధారణముగ చాలును. కండరపుపొరను జొచ్చినచో చాలదు. కాలేయమువైపున నీ సంచికి పైతొడుగు లేదు గనుక వ్యాధి సులభముగ నటు ప్రాకును. అందుచే నానుకొన్న కాలేయభాగమును, చెంతనున్న గ్రంథులను తీయుటకు రెండవ శస్త్రచికిత్స వలసివచ్చును. అది మొదటిదానికి నాలుగు మొదలు ఎనిమిది వారముల నడుమ జరుగుట మేలని నేటి పరిశీలన. ఇంతలో నా కాగితము ఎచ్చటనున్నది? జిల్లాలనుండి వచ్చినవారు కుట్లు విప్పించుకొని బస్సెక్కుదురు. కాగితము వచ్చిన నాటికి వారు పొలముననో, అంగడియందో యుందురు. అడుగువారు లేరు. కొన్నియెడల సంచియే పరీక్షకు బోదు. అది ఖర్చు తగ్గింపుట యని మెచ్చుకొనువారును గలరు. మాకు మాత్రము అది పొదుపుగా తోచదు.

మరియొక దురాచారము. కాగితము చేతికి వచ్చినను, "ఆడుది, బెంగపడును" అని మగవారు దానిని పెట్టెలో దాచుదురు. కడుపు ఆమెది, కాగితమును ఆమెదే. చదువరాకున్న చదివి వినిపింపవలయును.

కావున నీ సభవారికి మా మనవి. మన సత్రమున దిగు రోగుల పేర్లు వ్రాయు పుస్తకమున నింకొక గడి గీయింపుడు: "పరీక్షాఫలితము వచ్చినదా, ఎవరు తెచ్చిరి?" మూడువారములకు ఆ గడి ఖాళీగా నున్నయెడల, మన కార్యకర్త యొకడు ఫోను చేసి, తానే పోయి తేవలయును. వ్యాధి యని తేలినచో, మొదటి శస్త్రచికిత్స వివరమును, సంచి చిరిగి పిత్తము చిందినదా యను సంగతియు వ్రాయించుకొని, రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రికి గాని, కాలేయశస్త్రచికిత్స యెరిగిన మరియొక చోటికి గాని ఆ వారమే తోడుపోవలయును. అద్దములపై నంటించిన ముక్కలను గూడ అడిగి తీసికొని పోవుడు. అచ్చటివారు మరల చూతురు. ఈ పనికి మా యువజనశాఖనుండి యిరువురు పేర్లిచ్చియున్నారు. మరి నలుగురు కావలెను. సభ ముగియగానే సత్రపు మునీబువద్ద వ్రాయించుడు.